ఎడమ భుజానికి దూది

మా నాన్న ఎవరికీ పుట్టలేదని ఆఫీసువాళ్ళు తేల్చేశారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, గుమాస్తా బల్ల ముందు నిలబడి, ఆ మాట విని తన చెయ్యి తనే గిల్లుకుని చూసుకున్నాడు.

"పుట్టలేదని నేననలేదు పెద్దాయనా," అన్నాడు గుమాస్తా కళ్ళజోడు తుడుచుకుంటూ. "మీరు పుట్టినట్టే కనిపిస్తున్నారు. ఎవరికి పుట్టారో కాగితం లేదంటున్నాను."

గొడవంతా ఇంటి గురించి. మా వీధి ఇళ్ళన్నీ కొత్త పట్టీలోకి ఎక్కిస్తున్నారు. పాత పట్టీలో మా ఇంటికి ఎదురుగా 'నిచ్చెనల వడ్రంగి' అని మాత్రం ఉంది. ఆయన మా తాత. శుక్రవారం లోపల ఆయన వారసులమని రుజువు చేసుకుంటే ఇల్లు మాది. లేకపోతే దిక్కులేని ఇళ్ళ కింద రాసేసి తాళం వేస్తారు. తాత రోజుల్లో పుట్టుకలు రాయించే అలవాటు ఎవరికీ లేదు. పుట్టినవాడు ఎదురుగా తిరుగుతూనే ఉంటాడు గదా, మళ్ళీ రాయడం దేనికనుకున్నారు కాబోలు.

"వీడు పుట్టినప్పుడు నేను పక్క గదిలోనే ఉన్నాను," అంది మా మేనత్త. నాన్నకంటే ఏడేళ్ళు పెద్దది. "ఏడుపు ఈ చెవులతోనే విన్నాను."

"మీరు ఆ వడ్రంగి కూతురేనని కాగితముందా అమ్మా?"

"లేదు."

"అయితే ఎవరో ఒకావిడ ఎవరిదో ఏడుపు విన్నట్టు లెక్క."

అత్త అతన్ని ఎగాదిగా చూసింది. "ఈ మొండితనం నేనెరిగినట్టే ఉందే," అని గొణుక్కుంది.

ఇంటికొచ్చి పెట్టెలన్నీ బోర్లించాం. కాగితమన్నది లేదు. అడుగున తాత చొక్కా ఒకటి దొరికింది. మెడ దగ్గర మూడో వీధి దర్జీ కొట్టు గుర్తు కుట్టి ఉంది. చొక్కా పట్టుకుని అక్కడికి పోయాం. ఇప్పటి దర్జీకి డెబ్భై ఐదు దాటాయి. తాతకి చొక్కా కుట్టింది ఆయన తండ్రి. ముసలాయన అటక మీంచి కొలతల పుస్తకాలు దింపి, దుమ్ము దులిపి, తుమ్మి, చదివాడు.

"నిచ్చెనల వడ్రంగి. ఛాతీ ముప్పై ఎనిమిది. ఎడమ భుజానికి ముప్పావు అంగుళం దూది." పేజీ తిప్పాడు. "పై ఆయన కొడుకు, ఆరేళ్ళవాడు. ఎడమ భుజానికి పావు అంగుళం దూది. అది నువ్వే."

"దూదేంటి?" అన్నాడు నాన్న.

"మీ వంశానికి ఎడమ భుజం వాలు. తిన్నగా కనిపించడానికి లోపల దూది పెట్టి కుడతాం."

నాన్న అక్కడికక్కడే చొక్కా విప్పి, భుజం కుట్టు నొక్కి చూశాడు. మెత్తగా తగిలింది. "అరవై రెండేళ్ళుగా నీ కొట్లోనే కుట్టిస్తున్నాను. ఒక్కరోజన్నా చెప్పలేదేమయ్యా!"

"నువ్వు వంకర అని మొహం మీద చెబితే మళ్ళీ కొట్టు గుమ్మం ఎక్కుతావా? దూది పెడతాం, నోరు కుట్టేసుకుంటాం."

గురువారం పొద్దున్నే దర్జీనీ, ఆయన పుస్తకాలనీ, టేపునీ వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాం. గుమాస్తా పుస్తకం తిరగేసి పెదవి విరిచాడు.

"'పై ఆయన కొడుకు' అని ఉంది. ఈ పేజీలో పైన ఎవరున్నారు? పుస్తకం కంపెనీవాడు అచ్చేసిన ఏనుగు బొమ్మ ఉంది. ఈయన ఏనుగు కొడుకని రాసుకోనా?"

"ముందు పేజీ చూడు బాబూ," అంది అత్త.

"ముందు పేజీ అయితే 'వెనక ఆయన కొడుకు' అని రాయాలి."

దర్జీ నాన్నని నిలబెట్టి టేపు పట్టాడు. ఎడమ భుజం సరిగ్గా ముప్పావు అంగుళం కిందికి ఉంది. గుమాస్తా తనే వంగి, ఒక కన్ను మూసి చూశాడు.

"ఇది రుజువు కాదు. నిచ్చెనలు మోస్తే ఎవరి భుజమైనా వంగుతుంది."

"నేను నిచ్చెన మొయ్యలేదండీ," అన్నాడు నాన్న. "అద్దాల కొట్లో పనిచేశాను."

"అద్దాలు మోసుంటారు."

అప్పుడు దర్జీ గొంతు సవరించుకున్నాడు. "మరి తమరేం మోశారు సారూ?"

"అంటే?"

"నేను కుట్టిన తమ చొక్కాలోనూ ముప్పావు అంగుళం దూది ఉంది గదా."

గుమాస్తా చెయ్యి దానంతటదే ఎడమ భుజం మీదికి పోయింది. నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మొహం తెల్లబోయింది.

"ఫైళ్ళు... ఫైళ్ళు మోశాను."

గుమ్మం దగ్గర అటెండరు కిసుక్కున నవ్వాడు. "సారు ఎప్పుడు మోశారండీ? ఇరవై ఏళ్ళుగా నేనేగా మోస్తా!"

దర్జీ కొత్త పుస్తకం తీశాడు. "నిచ్చెనల వడ్రంగి తమ్ముడి మనవడు, ఆఫీసు గుమాస్తా. దూది ముప్పావు అంగుళం. చెప్పరాదు."

అత్త తల పట్టుకుంది. "మా చిన్నాన్న మనవడివా నువ్వు! అనుకుంటూనే ఉన్నాను, ఆ మొండితనం ఊరికే రాదని." ఆ చిన్నాన్న కథ మాకు తెలిసిందే. అన్నదమ్ములిద్దరూ నిచ్చెన చెరో కొసా పట్టుకుని మోసేవాళ్ళు. ముందు కొస ఎవరిదన్న దగ్గర మాటా మాటా పెరిగింది. తమ్ముడు తన కొస నడివీధిలో వదిలేసి పోయి, నాకు అన్నే లేడని చెప్పుకుంటూ బతికాడు.

"మా తాత తనొక్కడే సంతానమని చెప్పేవాడే," అన్నాడు గుమాస్తా నీరసంగా.

"కాగితముందా?" అంది అత్త.

గుమాస్తా తన వెనక గోడ మీది నిబంధనల పలక వైపు తిరిగాడు. నాలుగో నిబంధన: బంధువుల ఫైళ్ళు ముట్టరాదు. వెంటనే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. మా ఫైలు కాలుతున్న పెనంలా కనిపించిందో ఏమో, చేతులు రెండూ వీపు వెనక పెట్టుకున్నాడు.

"అయితే మా గతేంటి? రేపే శుక్రవారం," అన్నాడు నాన్న.

"నిబంధన నిబంధనే. తప్పుకుంటున్నానని రాసిస్తాను, పక్క గదిలో పై అధికారి దగ్గరికి పొండి." కాగితం తీసుకుని గబగబా రాసి, సంతకం పెట్టి, ముద్ర గుద్ది నా చేతిలో పెట్టాడు. పైకి చదివాను.

"దరఖాస్తుదారు నిచ్చెనల వడ్రంగి కొడుకు, నాకు పెదనాన్న వరస అయినందున, ఈ ఫైలు నేను చూడరాదు."

ముందుగా అర్థమైంది అత్తకి. కాగితం నా చేతిలోంచి లాక్కుని, డెబ్భై ఐదేళ్ళ మనిషి, పక్క గదికి దాదాపు పరుగెత్తింది.

"ఇదిగోండి బాబూ, నా తమ్ముడు ఎవరి కొడుకో మీవాళ్ళే రాసిచ్చారు. ముద్ర కూడా ఉంది."

పై అధికారి ముద్ర చూశాడు, సంతకం చూశాడు, పట్టీలో మా ఇంటి ఎదుట నాన్న పేరు రాశాడు. అంతా కలిపి నాలుగు నిమిషాలు.

తరవాతి సోమవారం ఇంటి నంబరు రేకు కొట్టడానికి గుమాస్తానే వచ్చాడు. ఫైలు ముట్టరాదన్నారు గానీ గోడ ముట్టరాదని ఎక్కడా లేదట. పెరట్లో తాత చేసిన నిచ్చెన ఉంది. నాన్న ఒక కొస ఎత్తాడు.

"పెదనాన్నా, ముందు కొస నేను పడతాను."

"ఇది నా ఇల్లురా. ముందు కొస నాది."

"కాగితం రాసిచ్చింది నేను!"

నిచ్చెన గుమ్మంలో అడ్డంగా పది నిమిషాలు ఆగింది. చివరికి అత్త వచ్చి ఇద్దరినీ తిట్టి, పక్కకి తిప్పి పట్టించింది. రేకు కొట్టడం అయ్యాక ముగ్గురూ వీధిలోకి పోయి చూసుకున్నారు. దారిన పోయే దర్జీ ఆగి, టేపు తియ్యబోయి, మానేశాడు. రేకు ఎడమవైపు ముప్పావు అంగుళం వాలి ఉంది.

"తిన్నగా ఉంది," అన్నాడు నాన్న.

"అవును, తిన్నగానే ఉంది," అన్నాడు గుమాస్తా.