కాకులకు పొయ్యి

నార్వేలోని బెర్గెన్‌లో వాన పడని రోజు పొగ పడుతుందని అన్‌ఫిన్ అంటుండేవాడు. అందులో అబద్ధమేం లేదు. వాన వెలిసి, గాలి ఆగి, చలి బిగిసిందంటే కొండవాలులోని ఇళ్లన్నీ ఒక్కసారే పొయ్యిలు రాజేసేవి. ఆ పొగ పైకి పోయేది కాదు, పక్కకి పోయేది కాదు, మెట్ల సందుల్లో బైఠాయించేది. అందుకే పాతకాలపు పొయ్యిలు వెలిగించకూడదని, తక్కువ పొగ వచ్చే కొత్తరకాలే వాడాలని నగరపాలక సంస్థ ఎప్పుడో కట్టడి చేసింది. మాట వినని మొండిఘటాలు ప్రతి సందుకూ ఒకరుంటారు కదా, సాండ్‌వికెన్ పేటలో ఆ సందుకు అన్‌ఫిన్ ఉండేవాడు. పోయిన వసంతంలో ఆయన పోయాడు. ఆయన పాత పొయ్యీ, ఆయన భార్య రాగ్నా మిగిలారు.

ఇల్లు చెక్కది, రెండంతస్తులది. కింద అన్‌ఫిన్ అక్క సున్నీవా, పైన వీళ్లిద్దరూ. రెండు వాటాలకీ పొగగొట్టం ఒక్కటే. పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన తొలి చలికాలమే ఆడపడుచు గొంతు ఎంతటిదో రాగ్నాకు తెలిసింది. పొయ్యి గాలిమూత కాస్త ఎక్కువ తెరిస్తే చాలు, గొట్టంలో మంట గుయ్యిమనే చప్పుడు కింది గదిలోకి వినిపించేది. వెంటనే సున్నీవా మెట్ల దగ్గరికొచ్చి కేక వేసేది.

"ఎవరికే ఆ పొయ్యి? కాకులకా?"

కట్టెలు దండగ చేసి, వేడంతా గొట్టంలోంచి బయటికి పోనిచ్చేవాళ్లను అక్కడ అందరూ అనే మాటే అది. సున్నీవా తల్లి అనేది, ఆమె తల్లీ అనేది. కొత్తకోడలికి మాత్రం గుండె జారిపోయింది. అన్‌ఫిన్ ఏమాత్రం తొణకకుండా తలుపు తీసి, "అవునక్కా, కాకులకే!" అని కిందికి అరిచాడు. అరిచి, రాగ్నా చెయ్యి పట్టుకుని సందులోకి లాక్కెళ్లి ఇంటికప్పు చూపించాడు. పొగగొట్టం అంచు మీద కాకి ఒకటి ఈకలు ఉబ్బించుకుని కూర్చుని ఉంది. బూడిదరంగు ఒళ్లు, నల్లటి తల, నల్లటి రెక్కలు.

"మనకీ పైన మూడో వాటాలో అద్దెకుంటున్నారు. పాస్టరుగారు," అన్నాడు. "నల్లకోటు చూశావా? మనిషి మంచివాడే. ప్రసంగం మొదలెడితేనే భరించలేం."

రాగ్నా ఆ సందులోనే నిలబడి కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వింది. ఆ రోజు నుంచి అదొక ఆనవాయితీ అయి కూర్చుంది. మధ్యాహ్నం కాఫీ వేళకు అన్‌ఫిన్ ఒక బిర్చ్ కట్టె ఎక్కువ వేసి, గాలిమూత బార్లా తెరిచేవాడు. అది పాస్టరుగారి కానుక. కింద నుంచి అక్క కేక, పై నుంచి తమ్ముడి జవాబు. పడవలో ఇంజను పని మానేసి ఇంటిపట్టున ఉన్న ఏళ్లలో ఒక్క రోజు కూడా తప్పలేదు. అన్నేళ్లూ ఒకే కాకేనా, దాని కొడుకులూ మనవలూ కూడానా అంటే ఎవరు చెప్పగలరు? పాస్టర్లు మారుతుంటారు, చర్చి మాత్రం అదే కదా అనేవాడు అన్‌ఫిన్.

ఆఖరి చలికాలం ఆయన మంచం పొయ్యి పక్కకే చేరింది. దగ్గొచ్చినప్పుడల్లా రాగ్నా లేచి కిటికీ మూసేది, సందులోని పొగ లోపలికి రాకుండా. ఆ పొగలో తమ పొయ్యి పొగ కూడా ఉందని ఆమెకు తెలుసు. తెలిసీ ఏం చెప్పగలదు? ఒకరోజు కాఫీ తాగుతూ ఆయన అన్నాడు: "నేను పోయినా పాస్టరుగారి కానుక ఆపకే రాగ్నా. ఆ పెద్దమనిషికి నేను తప్ప దిక్కులేదు." ఆమె నవ్వేసి, సరేనంది. ఆయన అడిగిన చివరి కోరిక అదే అవుతుందని తెలిస్తే నవ్వేది కాదు.

ఆకులు రాలే కాలం వచ్చింది. తొలి చలి పడిన రోజు రాగ్నా పొయ్యి రాజేసి, కాఫీ వేళకు గాలిమూత తెరిచింది. గొట్టం గుయ్యిమంది. కింద మెట్ల దగ్గర అడుగుల చప్పుడు.

"ఎవరికే ఆ పొయ్యి? కాకులకా?"

రాగ్నాకు ఒళ్లు భగ్గుమంది. తమ్ముడు పోయి ఏడాదైనా తిరగలేదు, ఇంకా కట్టెల లెక్కేనా ఈ మనిషికి? తలుపు ధడాలున వేసింది. కింద ఇంకో కేక వినబడలేదు. ఆ తర్వాత వదినా మరదళ్లు మెట్ల మీద ఎదురైతే వాన గురించి తప్ప మాట్లాడుకోలేదు. ఆ ఊళ్లో వాన గురించి మాట్లాడటమంటే మాటలు లేనట్టే లెక్క.

గొట్టం ఊడవడానికి వచ్చిన అమ్మాయి మసిచేతులు తుడుచుకుంటూ ఖరాఖండిగా చెప్పేసింది. "ఆంటీ, పోయినేడు అంకుల్‌కి ఒంట్లో బాగోలేదని ఊరుకున్నాను. ఇక నా వల్ల కాదు. దీంట్లో అగ్గిపుల్ల కూడా గీయొద్దు. కొత్తది పెట్టించుకోండి."

కొత్త పొయ్యి కొనడానికి సున్నీవా తనంతట తానే బయల్దేరింది. మాటల్లేకపోయినా సరే, ఆ బేరం మరదలి చేతిలో పెట్టే రకం కాదావిడ. కట్టడి వచ్చిన కొత్తలో సందులో అందరికంటే ముందు కొత్తరకం పొయ్యి కొన్నది ఆవిడే. కొని, మెరిసేలా తుడిచి, దానిమీద అల్లిక గుడ్డ పరిచి, పూలకుండీ పెట్టింది. క్రిస్మస్‌కు తప్ప వెలిగించదు. మిగతా రోజులు రెండు ఉన్ని స్వెట్టర్లు ఒకదానిమీద ఒకటి వేసుకుని గడిపేస్తుంది.

కొట్లో యోస్తైన్ అనే కుర్రాడు పొయ్యిల మధ్య పెళ్లికొడుకల్లే తిరుగుతున్నాడు. అద్దం తలుపులవి, నిలువుపాటివి, గుండ్రటివి, కాళ్లున్నవి.

"ఇది చూడండమ్మా. కింద నుంచి ఒక గాలి, వెనక ఈ చిల్లుల్లోంచి వేడెక్కిన గాలి ఇంకోటి. కట్టెలోంచి లేచిన పొగ బయటికి పోకముందే ఇక్కడే మళ్లీ కాలిపోతుంది. పొగే వేడవుతుందన్నమాట."

"బాగుంది," అంది సున్నీవా. "నాదీ అలాంటిదే."

"కాకులకు పోయేది ఏమీ ఉండదు!" అన్నాడు యోస్తైన్ గర్వంగా. అమ్మేవాళ్లందరికీ అలవాటైన మాట అది.

రాగ్నా ముఖం పాలిపోయింది. "ఏమీనా?"

"అస్సలు."

"మరి... కాస్తంత పోయేది ఏదీ లేదా బాబూ?"

యోస్తైన్ ఆమెను ఎగాదిగా చూశాడు. ఇన్నేళ్లలో వేడి పోయే పొయ్యి కావాలని అడిగిన మొదటి మనిషి ఈవిడే. సున్నీవా అందుకుంది. "దాని మాటలు పట్టించుకోకు నాయనా. మొగుడు పోయిన దిగులు. అట్లకాడ అడిగితే గరిటె అంటుంది."

"నాకేం మతిపోలేదు వదినా. పోనీ, ఆ పెద్దది చూపించు బాబూ. అందులో ఎక్కువ కట్టెలు పడతాయి కదా?"

"మీ గది ఎంతుంటుందమ్మా?"

"అరచెయ్యంత," అంది సున్నీవా.

"అయితే పెద్దది వద్దు. చిన్నగదిలో పెద్దపొయ్యి పెడితే ఉక్క తట్టుకోలేక గాలిమూత బిగిస్తారు. గాలి బిగిస్తే కట్టె కాలదు, కుములుతుంది. అప్పుడు కొత్తదైనా పాతదానిలాగే పొగ చిమ్ముతుంది. చిన్నది తీసుకుని, ఎండిన కట్టెలతో, మంట బాగా లేచేట్టు కాల్చుకోవాలి."

రాగ్నా ఆ పెద్ద పొయ్యిని చాలాసేపు చూసింది. కుములుతూ సందులోకి దిగే పొగ ఆమెకు గుర్తొచ్చింది, కిటికీ గుర్తొచ్చింది, ఆ దగ్గు గుర్తొచ్చింది. ఆ పొగ ఇంకొకరి ఛాతీలోకి పంపి కాకిని కాపాడుకోవడం ఆమె వల్ల కాదు. పైన కాఫీ కెటిల్ పట్టేంత చదును ఉన్న చిన్న పొయ్యి ఒకటి చూపించి, "ఇదివ్వు," అంది.

పాత పొయ్యిని ఇద్దరు మోసుకెళ్లారు. సందు మెట్ల మీద సగంలో దించి, ఆయాసం తీర్చుకుని, మళ్లీ ఎత్తుకున్నారు. రాగ్నా కిటికీలోంచి చూస్తూ నిలబడింది. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి కొన్న మొదటి సామాను అది. మలుపు తిరిగి కనబడకుండా పోయేసరికి దుఃఖం ముంచుకొచ్చింది.

కొత్తది వెలిగించడమూ వింతే. లావు కట్టెలు అడుగున పేర్చి, చితుకులు పైన పెట్టి, పైనుంచి అంటించాలట. అడుగు నుంచి అంటిస్తే కట్టెలన్నీ ఒకేసారి వేడెక్కి పొగ వదులుతాయని యోస్తైన్ మరీమరీ చెప్పాడు. అలాగే చేసింది. కాసేపటికి అద్దం వెనక మంట కొవ్వొత్తిలా నిలకడగా కిందికి దిగింది. గదంతా వెచ్చబడింది, కెటిల్ కూతకొచ్చింది. పాపం పొయ్యిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. రాగ్నా శాలువా కప్పుకుని సందులోకి పరుగెత్తి కప్పు చూసింది. గొట్టంలోంచి పొగ లేదు. అంచు మీద కాకీ లేదు.

మర్నాడూ లేదు. ఆ వారమంతా లేదు. ఎదురింటి కప్పు కొసన వానలో ముడుచుకుని కూర్చున్న కాకి ఒకటి కనిపించింది. అది పాస్టరుగారో కాదో ఆమెకు తెలియదు. అయినా తప్పుచేసినదానిలా తలదించుకుని లోపలికొచ్చేసింది.

ఇక ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం పట్టినన్ని కట్టెలు కుక్కి, పాత పొయ్యికి చేసినట్టే అడుగు నుంచి అంటించి, వేడి పైకి పోతుందని పొయ్యి తలుపు సగం తెరిచిపెట్టింది. పైకి పోవడం మాట దేవుడెరుగు, పొగంతా గదిలోకే తన్నింది. పొగ పసిగట్టే గోడమీది గంట కీచుమని మొత్తుకుంది. సున్నీవా పొయ్యి కెలికే ఇనపకడ్డీ చేతపట్టుకుని ఒక్క ఊపున పైకొచ్చింది.

"ఇల్లు తగలబెడతావుటే పిచ్చిదానా! ఆ తలుపు మూయి! మూయమంటుంటే!"

తానే మూసి, కిటికీ తెరిచి, గంట నోరు నొక్కింది. రాగ్నా కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చేసింది.

"ఆపొద్దన్నాడు వదినా. పాస్టరుగారి కానుక ఆపొద్దని పోతూపోతూ అడిగాడు. నేను సరేనన్నాను. ఆ కాకి ఇక రాదు. ఆయన అడిగింది ఒక్కటే ఒక్కటి, అదీ చెయ్యలేకపోయాను."

సున్నీవా వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయింది. ఏదో ఒకటి అనకుండా ఆవిడ ఆ గదిలోంచి దిగివెళ్లడం అదే మొదటిసారి. వెళుతూ ఇనపకడ్డీ కూడా మర్చిపోయింది.

గురువారం వచ్చింది. ఆ ఊళ్లో గురువారమంటే బంగాళాదుంప ఉండలూ ఉప్పుమాంసమూ తినాల్సిందే, దిగులున్నా తప్పదు. రాగ్నా బజారు నుంచి మాంసం సంచీతో మెట్లెక్కి వస్తూ, అలవాటు కొద్దీ తలెత్తింది. పొగగొట్టం అంచు మీద కాకి. ఈకలు వదులుగా ఉబ్బించి, కళ్లు సగం మూసి, హాయిగా కూర్చుని ఉంది.

రాగ్నా అక్కడే నిలబడిపోయింది. పొద్దున బయల్దేరేటప్పుడు ఆమె పొయ్యి చల్లగా ఉంది. మరి ఆ గొట్టం వెచ్చగా ఎందుకుంది?

కింది వాటా తలుపు తట్టింది. తీయగానే వేడి మొహాన కొట్టింది. పూలకుండీ, అల్లిక గుడ్డ కిటికీ గట్టు మీదికి చేరాయి. పొయ్యిలో మంట భగభగలాడుతోంది, పక్కన బుట్టెడు కట్టెలు. ఉక్క పోసి కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, వాన లోపలికి జల్లు కొడుతోంది. స్వెట్టర్లు రెండూ విప్పేసి, పలచటి జాకెట్టులో, మొహం కందగడ్డలా చేసుకుని నిలబడింది సున్నీవా.

"వదినా! ఏంటిది?"

"ఏంటేంటి? కనబడటంలేదూ? నీ ఒక్కదాని చిట్టిపొయ్యి ఆ గొట్టాన్ని వెచ్చబెట్టలేదు. నాది పొద్దుట్నుంచీ ఇలా మండించాల్సొచ్చింది, రోజూ అంటే రెండూ కలవాల్సిందే. వచ్చాడా?"

"వచ్చాడు. పైన కూర్చున్నాడు." రాగ్నా గడప దాటి లోపలికొచ్చింది. "నువ్వా వదినా ఇలా... నీకు ఆ కాకంటేనే మంట కదా?"

"ఎవరు చెప్పారు నీకు?" సున్నీవా మూతి తిప్పుకుని ఇంకో కట్టె అందుకుంది. "తమ్ముడికి నాలుగేళ్లప్పుడు గాలిమూత తెరిచాడని మా అమ్మ ఆ కాకుల మాటే అని వీపు మీద ఒక్కటిచ్చింది. వెక్కుతూ ఉంటే చంకనేసుకుని సందులోకి తీసుకెళ్లి, ఊరుకోరా, అదిగో నిజంగానే కాకి ఉంది చూడు, దానికే మన పొయ్యి అని చూపించింది నేను. ఏడుపు ఆపి నవ్వాడు. అప్పట్నుంచి నేను కేకెయ్యడం, వాడు అవునక్కా అనడం. అదంతా కట్టెల కోసం అనుకున్నావా ఇన్నేళ్లూ?"

రాగ్నా కిటికీ గట్టు మీది పూలకుండీని జల్లు నుంచి పక్కకి జరిపింది.

"వాడు పోయాక ఒక్కసారి కేకేశాను," అంది సున్నీవా, పొయ్యివైపు తిరిగి. "అలవాటులో వచ్చేసింది. నువ్వు తలుపు వేసేశావు. మళ్లీ వెయ్యలేదు."

కట్టె లోపల పెట్టి తలుపు మూసింది. చేతులు దులుపుకుని, కళ్లు తుడుచుకుని, అంతలోనే గొంతు మార్చింది. "నిలబడ్డావేం? పైకి వెళ్లి నీదీ వెలిగించు. ఒక్కదాన్నే ఎంతసేపు ఉడకను? చితుకులు పైన, గుర్తుందా? ఆ మాంసం ఇలా పడెయ్, నేను పొయ్యి మీద పెడతాను."

రాగ్నా పైకెళ్లింది. కట్టెలు అడుగున, చితుకులు పైన పేర్చి, పైనుంచి అంటించింది. మంట నెమ్మదిగా కిందికి దిగింది. కాఫీ నీళ్లు పెట్టి, గాలిమూత పూర్తిగా తెరిచింది. గొట్టం గుయ్యిమంది. పాత పొయ్యి అంత కాదు, అయినా వినబడింది.

కింద మెట్ల దగ్గర అడుగులు ఆగాయి.

"ఎవరికే ఆ పొయ్యి?" గొంతు కాస్త తడబడింది. "కాకులకా?"

రాగ్నా తలుపు బార్లా తీసి, మెట్ల కమ్మీ పట్టుకుని, ఊపిరంతా కూడగట్టుకుని అరిచింది.

"అవును వదినా, కాకులకే!"