చిటికెడు విత్తనం

కుప్పయ్య పోయిన పదో రోజున పంట నష్టం చూసే కమిటీ వచ్చింది. అతను చెమటోడ్చిన చేలోనే నిలబడి, మేమంతా చూస్తుండగానే, వ్యవసాయాధికారి కాగితం మీద రాశాడు: "సేద్యంలో లోపం." పక్కనున్న విత్తనాల కంపెనీ మనిషి హాయిగా తలూపాడు.

పలమనేరు అవతల ఎకరం కౌలు చేను. హైబ్రిడ్ క్యారెట్ అన్నారు కంపెనీవాళ్లు. పొలంలో వేసినా పెరట్లో వేసినా డెబ్బై అయిదు రోజులకు జానెడు గడ్డ అన్నారు. గడ్డ ఊరనే లేదు. చేనంతా తెల్లగా పూతకొచ్చింది. పీకితే చిటికెనవేలంత కట్టెపుల్ల. ఆ చేను చూసుకుని చూసుకుని కుప్పయ్య ప్రాణం తీసుకున్నాడు.

"ఏమని రాసినావు సారూ?" అతని భార్య సుబ్బులమ్మ అడిగింది.

"నీళ్లు సరిగా కట్టలేదని. ఎరువు కుదరలేదని."

"అంటే మా ఆయనకు సేద్యం తెలీదనా?" "పరిహారం ఇయ్యకపోతే పాయె సారూ. ఆ మాట మాత్రం కొట్టేయ్. నా బిడ్డలు ఇనకూడదు."

తప్పు విత్తనానిదేనని మాకు తెలుసు. కానీ రుజువేది?

కూలీల్లోంచి కృపామణి గబగబా ఇంటికి పోయింది. ఆ చేలో విత్తనం వేసినవాళ్లలో ఆమె ఒకతె. పగిలిన బకెట్టు ఒకటి మోసుకొచ్చి అధికారి ముందు దించింది. అందులో నాలుగు క్యారెట్ మొక్కలు. అవీ పూతే.

"ఇత్తనమేసిన పొద్దే చిటికెడు కొంగున ముడేసుకున్నాను సారూ. బిడ్డలకు కూరకని. మన్ను ఏరే, నీళ్లు ఏరే. ఈడా గడ్డ లేదు. తప్పు ఇత్తనానిదా, కుప్పయ్యన్నదా సెప్పు."

"దొంగతనం చేశానని నువ్వే ఒప్పుకున్నావు కదా! దొంగ సాక్ష్యం చెల్లదు" అన్నాడు కంపెనీ మనిషి.

కృపామణి తల దించుకుంది. నాకు ఏడుపొచ్చింది. పేదవాణ్ని దొంగ అనడానికి వీళ్లకు నోరెంత తొందరగా తిరుగుతుందో!

"నేనూ ముడేసుకున్నాను" అంది ఆమెతోపాటు విత్తనం వేసిన ఆనందమ్మ, వెనకనుంచి.

"నేనూ" అంది లోకేశ్వరి.

కాసేపటికి కుండలు, డబ్బాలు, చిల్లుపడ్డ బిందెలు ఏడు వచ్చి చేరాయి. ఏ ఒక్కదాంట్లోనూ గడ్డ లేదు.

"ఇత్తనం నా మొగుడిది. దీంట్లో దొంగెవురు?" అంది సుబ్బులమ్మ.

అధికారి కాగితం జేబులో పెట్టుకుని జీపెక్కాడు. మొక్కలు ముందు పెట్టుకుని మేం జీపుకు అడ్డంగా కూర్చున్నాం. గంటలో పోలీసులొచ్చారు. దొంగతనం కేసంటూ కృపామణిని ఈడ్చి వ్యాన్‌లో పడేశారు.

సుబ్బులమ్మ లేచింది. ఎవరూ పట్టుకోకుండానే వ్యానెక్కి కృపామణి పక్కన కూర్చుంది.

"నువ్వెందుకమ్మా? దిగు" అన్నాడు ఎస్సై.

"మా ఆయన్ని ఒంటిగా ఇడిసిపెట్టినాను సామీ. ఈమెను ఇడవను."

ఆనందమ్మ ఎక్కింది. లోకేశ్వరి ఎక్కింది. వ్యాన్‌లో చోటు లేని మేమంతా దాని వెనకే పలమనేరు స్టేషన్ దాకా నడిచాం.