రెండు ఓడలకు ఒకే రేటు

మ్యాపులో చూస్తే ఆ సముద్రపు దారి బెత్తెడంత కూడా ఉండదు. అటు ఒక దేశం, ఇటు ఒక దేశం, మధ్యలో ఆ సందు. ఎక్కడెక్కడి బండ్లూ తాగే చమురు ఆ సందులోంచే రావాలి. యుద్ధం మొదలయ్యాక ఒక పక్షంవాళ్ళు, ఈ దారిలో ఏ ఓడ కనపడినా పేల్చేస్తామన్నారు. వాళ్ళకేం, అనేసి కూర్చున్నారు. ఇక్కడ పెట్రోలు బంకు ముందు లైను మలుపు తిరిగి మందుల షాపు దాకా పాకింది. అక్కడ చమురు ఓడలు సందు ముందు లంగరు వేసుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాయి.

వాటిలో ఒకదాని ఇంజను గదిలో బుడ్డోడు పనిచేస్తున్నాడు. పేరుకే బుడ్డోడు, గుమ్మం దాటాలంటే తల వంచాలి. వాడి అక్క, అంటే ఆఫీసులో అందరూ మేడమ్ అని పిలిచే ఆవిడ, ఓడల బీమా కంపెనీలో ఉద్యోగి. యుద్ధం జరిగే నీళ్ళలోకి వెళ్ళే ఓడకు మామూలు బీమా చాలదు, విడిగా ఇంకోటి చేయించాలి. దానికి రేటు వేసేది ఈవిడే. ఆ రేటు రెండు రోజులే చెల్లుతుంది, తర్వాత మళ్ళీ అడగాల్సిందే. యజమానికి గిట్టుబాటయితే ఓడ కదులుతుంది, లేకపోతే ఆగుతుంది. ఓడ నడిపేది కెప్టెన్ అని జనం అనుకుంటారు గానీ, ఈ రోజుల్లో సగం చుక్కాని ఈవిడ బల్ల మీదే ఉంది.

ఒకరోజు ఉదయం బీమా దళారి ఫోన్ చేసి రెండు ఓడలకు రేటు కావాలన్నాడు. రెండూ ఒకే సైజు, ఒకే సరుకు, పక్కపక్కనే లంగరేసి ఉన్నాయి. మొదటి పేరు వినగానే ఆవిడ చేతిలో పెన్ను ఆగిపోయింది. అది బుడ్డోడి ఓడ.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో కొత్తగా చేరినవాడికైనా తెలుసు. లేచి, అద్దాల గదిలో పెద్దాయన దగ్గరకెళ్ళి, సార్, ఇందులో మా తమ్ముడున్నాడు, ఈ ఫైలు ఇంకొకరికివ్వండి అనాలి. అంతే. కానీ ఆ ఇంకొకరు మామూలు రేటు పడేసి టీకి పోతారు. సాయంత్రానికల్లా వాడు ఆ సందులో ఉంటాడు. చిన్నప్పుడు రోడ్డు దాటాలంటే ఎవరి వేలూ పట్టుకోని వెధవ, ఈవిడ వేలే పట్టుకునేవాడు. ఆవిడ మామూలు రేటుకు మూడింతలు వేసింది. ఒక్క ఓడకే అంత వేస్తే ఎవరైనా ఎందుకని అడుగుతారని, పక్క ఓడకూ అదే వేసింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ క్షణాన పక్క ఓడలోనూ మనుషులుంటారన్న ఊహే ఆవిడకు రాలేదు.

దళారి ఒంటికాలి మీద లేచాడు. యజమానులు చేతులెత్తేశారు. రెండు ఓడలూ ఆగిపోయాయి. ఆవిడ ఇంటికెళ్ళి, మనవాడు ఎక్కడికీ పోవడం లేదే అమ్మా, లంగరు దగ్గర హాయిగా ఉన్నాడు అని చెబితే, నీ నోట్లో పంచదార పొయ్య అని అమ్మ మురిసిపోయింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో అందరూ కడుపునిండా తిన్నారు.

మర్నాడు బుడ్డోడు ఫోన్ చేసి ఒకటే విసుక్కున్నాడు. మంచినీళ్ళు కొలిచి ఇస్తున్నారట. పక్క ఓడ ఇంజను గదిలో ఒక కబుర్ల పోగు ఉన్నాడట, రేడియోలో పాచిపోయిన జోకులన్నీ చెప్పి నవ్వలేదని అలుగుతాడట. మిగతా ఓడలు ఒక్కొక్కటే సందు దాటి చక్కా పోతున్నాయి, మా రెండింటినీ మాత్రం ఎవడో మహానుభావుడు బీమా పేరు చెప్పి కట్టేశాడు అన్నాడు. ఆవిడ ఊఁ కొట్టి ఊరుకుంది. తిట్టుకోనీ, తిట్టడానికి క్షేమంగా ఉన్నాడు కదా అనుకుంది. మూడో రోజు గడువు తీరి దళారి మళ్ళీ అడిగితే మళ్ళీ అదే రేటు చెప్పింది. ఈసారి పెన్ను ఆగలేదు కూడా.

ఆ మధ్యాహ్నమే ఆఫీసు టీవీ ముందు అందరూ మూగారు. దెబ్బ సందులో పడలేదు, సందు బయట పడింది. కదలకుండా గుంపుగా నిలబడ్డ ఓడలకన్నా తేలికైన గురి ఏం కావాలి? డ్రోన్ ఒకటి వచ్చి లంగరేసిన చమురు ఓడ మీద పడింది. తెర నిండా నల్లటి పొగ. ఏ ఓడో చెప్పరు, వేసిన బొమ్మే మళ్ళీ వేస్తారు.

ఆవిడ తమ్ముడికి ఫోన్ చేస్తే కలవదు. మళ్ళీ చేస్తే కలవదు. మెట్ల మీదకొచ్చి కూలబడింది. అమ్మ ఫోన్ చేస్తుంటే ఎత్తే ధైర్యం లేక చేతిలోనే మోగనిచ్చింది. వాణ్ణి అక్కడ కట్టేసింది నేనే, వాడు అంత విసుక్కున్నా విప్పలేదు అని తల పట్టుకుని ఏడ్చింది. టీ కప్పులు తీసుకెళ్ళేవాళ్ళు పక్కకు ఒదిగి దిగిపోయారు.

చివరికి వాడే చేశాడు.

"అక్కా, నేను బాగానే ఉన్నా. మాది కాదు, పక్కది."

ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. గోడకు జారగిలబడి దేవుడా అనుకుంది. ఆ సంతోషం వాడు మళ్ళీ నోరు తెరిచేదాకానే.

"జోకులోడు పోయాడే. ఇంజను గదిలోంచి బయటికి రాలేకపోయాడంట. బోటు వేసుకుని వెళ్ళాం, మంట దగ్గరికి రానివ్వలా." వాడు ముక్కు ఎగబీల్చాడు. "మొన్ననే వదిలుంటే ఈపాటికి ఇద్దరం అవతల ఉండేవాళ్ళం అక్కా."

ఆవిడ ఫోన్ పెట్టేసి, ముఖం కూడా కడుక్కోకుండా పెద్దాయన గదిలోకి వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. పైవాళ్ళకు చెప్పక తప్పదమ్మా అని మాత్రం అన్నాడు. అంతలో బల్ల మీద ఫోన్ మోగింది. దళారే. బుడ్డోడి ఓడ ఇంక అక్కడ నిలబడదు, వెంటనే గిట్టే రేటు కావాలంటున్నాడు.

పెద్దాయన ఫోన్‌ను చేత్తో మూసి ఆవిడ వైపు చూశాడు. "ఫైలు నీ దగ్గర్నుంచి తీసేసుకుంటున్నా. కానీ ఆ నీళ్ళ సంగతి నీకంటే బాగా ఇక్కడ ఎవరికీ తెలీదు. వాడు నీ తమ్ముడు కాకపోతే ఎంత వేస్తావు?"

ఆగితే ఏమైందో చూసింది. వెళితే ఏమవుతుందో ఎవరు చెప్పగలరు?

"మామూలు రేటే సార్."

ఓడ కదిలింది. ఆ రాత్రి అమ్మకూ కూతురికీ కంటి మీద కునుకు లేదు. తెల్లారి, అమ్మ గ్లాసుల్లోకి కాఫీ వంచుతుండగా బుడ్డోడు ఫోన్ చేశాడు. దాటేశారట. ఒక్క గీత కూడా పడలేదట. అమ్మ నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అంతలో బుడ్డోడు చెప్పిన పక్క ఓడ కుర్రాడు గుర్తొచ్చినట్టున్నాడు, ముఖం ముడుచుకుపోయింది.

"ఆ పిల్లాడూ ఇలాగే దాటేవాడు కదే. ఏ పాపిష్టివాడు ఆపాడో గానీ, వాడి చేతులు పడిపోను."

"ఆపింది నేనేనమ్మా," అంది కూతురు. రేటు సంగతి, పక్క ఓడ సంగతి, రెండోసారి సంగతి, అన్నీ చెప్పింది.

అమ్మ గ్లాసు కింద పెట్టేసింది. కాఫీ చల్లారిపోయింది. తర్వాత కూతురి చేతులు రెండూ తన ఒళ్ళోకి లాక్కుని, గట్టిగా పట్టుకుని కూర్చుంది.