వంకాయ రంగు కోటు

మామయ్యగారు స్టూలు మీద నిలబడి, చేతులు కాస్త ఎడంగా పెట్టి, ట్రయల్‌కి వచ్చిన మనిషిలా అద్దంలోకి చూసుకుంటున్నారు, నేను నోట్లో గుండుసూదులు పట్టుకుని ఆయన వెనకాల ఉన్నాను, ఇది కాకినాడలో టైలర్ మస్తాన్ గారి కొట్టే అనుకుంటాను గాని, గోడలుండాల్సిన చోట రైలు కిటికీలున్నాయి, వాటిలోంచి వరిచేలు మెల్లగా వెనక్కి పోతున్నాయి.

ఆయన ఒంటి మీద వంకాయ రంగు కోటు. తెల్లటి కచ్చా కుట్లు, సుద్దగీతలు అలాగే ఉన్నాయి. మనవరాలి పెళ్లికని కుట్టించుకుంటూ, ట్రయల్ అయిన వారానికే ఆయన పోయారు. ఆ సంగతి ఇక్కడ కూడా నాకు తెలుసు, ఆయనకీ తెలుసు, ఇద్దరికీ మొహమాటం లేదు.

"రంగు మరీ ముదురేమో మామయ్యగారూ" అంటాను. నోట్లో సూదులున్నా మాట స్పష్టంగానే వస్తోంది.

"ట్యూబ్‌లైటు కింద చూసి రంగు గురించి మాట్లాడకమ్మాయ్. ఇలా రా."

కిటికీ తెరుస్తారు. ఎండ పడగానే ఆ ఊదాలోంచి సన్నటి ఎరుపు, నేరేడు పండు చీల్చినట్టు, పైకి తేలుతుంది.

"దీని మీదికి చొక్కా తెల్లది కాదు, మీగడ రంగుది. కఫ్ వేలిగోరంత బయటికి కనపడాలి. అంతకు మించితే కోటు అరువు తెచ్చుకున్నట్టుంటుంది."

"పెళ్లి దగ్గరికొచ్చేసింది. మీ అబ్బాయి ఇదే వేసుకుంటానంటున్నారు. సరిచేయించడం నీ ఇష్టం అని నాకొదిలేశారు. నాకేమో చేతులు రావడం లేదు. ఈ భుజం గీత చెరిగిపోతే ఇంక మీరు ఎక్కడా ఉండరు కదా."

రైలు నెమ్మదిస్తుంది. ఆయన అద్దంలోంచే నవ్వుతారు.

"వాడి భుజాలు మీ అత్తగారివి. సోడాబుడ్డిలా వాలుగా ఉంటాయి. నా కొలతల్లో వాడు హ్యాంగర్‌కి తగిలించినట్టుంటాడు. పెళ్లికూతురి తండ్రిని అలా నిలబెడతావా?"

"నిలబెట్టను."

"మరి? ఇంత మంచి గుడ్డని బీరువాలో పురుగులకి విందు పెడతావా?"

నాకు నవ్వొచ్చి సూదులన్నీ చినుకుల్లా రాలిపోతాయి. ఆయన చెయ్యి చాపుతారు. "లాగు, ఆ కచ్చా దారం." లాగుతాను, దారం వస్తూనే ఉంటుంది, కిటికీలోంచి చేల మీదుగా సాగిపోతుంది, కోటు చెయ్యి వెచ్చగా నా చేతుల్లోకి జారుతుంది. భుజం మీది సుద్దగీతని ఆయనే బొటనవేలితో తుడిచేసుకుంటారు.

"పోయానా?" అని అడుగుతారు.

చూస్తాను. గీత లేదు. ఆయన స్టూలు మీదే ఉన్నారు, నిటారుగా, వెనక కాలర్ సర్దమని మెడ వంచుతూ.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నపు ఎండ మంచం మీదికి వచ్చింది. పక్కన మావారు అటు తిరిగి పడుకుని ఉన్నారు. నా చెయ్యి జానతో కొలుస్తున్నట్టు చాచుకుని ఆయన భుజం మీద ఉంది, బొటనవేలు మెడ దగ్గర, చిటికెనవేలు కిందికి వాలిన అంచు మీద.

"ఏంటి?" అన్నారాయన కళ్లు తెరవకుండానే.

"కదలకండి" అన్నాను.