ఆదివారం తెరవని కొట్టు

“ఆదివారం కొట్లు తెరిచారంటే ఈ దేశం ఇక క్రీస్తు మొహం చూడదే ఎఫీ,” అన్నాను నా కూతురితో. స్కాట్లాండ్‌లోని మా లూయిస్ దీవిలో ప్రభువు దినమైన ఆదివారం నాడు వంటపని పెట్టుకోం గనుక, శనివారమే రేపటి బంగాళాదుంపలకు తొక్క తీస్తున్నాం.

అంతలో ఎఫీ పనిచేసే కొట్టు యజమాని మర్డో వచ్చాడు.

“రేపు నువ్వే కొట్టు తెరవాలి ఎఫీ. లేదా పని మానెయ్. స్కాట్లాండంతా తెరిచింది, ఆకాశం ఊడిపడిందా?” అని నవ్వాడు.

“ఇవాళ రొట్టె అమ్ముతావు, రేపు సారా, ఎల్లుండి సిగ్గు కూడా అమ్ముతావు. దేశం పాడయ్యేది ఇలాగే నాయనా!” అన్నాను.

ఎఫీ జీతంతోనే ఇల్లు గడుస్తోంది, ఒప్పేసుకుంటుందేమోనని భయపడ్డాను. దుంపలన్నీ అయ్యేదాకా అది తల ఎత్తలేదు. అప్పుడు చేతులు తుడుచుకుని, కొట్టు తాళాలు తెచ్చి మర్డో ముందు పెట్టింది.

“దేశమంతా తెరుచుకోనివ్వండి మర్డో గారూ. నా చేత్తో మాత్రం తెరవను.”