స్టేజీ మీద కాలుండొద్దు

మా వారు కెప్టెన్ వామన్‌రావు గారికి ఏదో ఒక దాని మీద అభిప్రాయం లేని రోజంటూ నా కాపురంలో నేను చూడలేదు. నిజాం ఫౌజు ఉన్నన్నాళ్ళూ ఆ అభిప్రాయాలను గోల్కొండ రేషన్ గోదాములో గోధుమ బస్తాలు వినేవి. లడాయి కాలంలో మా వారు కాపలా కాసింది వాటినే. పోలీసు చర్య తరవాత ఫౌజును రద్దు చేశారు. బస్తాలు పోయాయి, నాంపల్లిలో మా ఇంట్లో వినడానికి నేనొక్కదాన్నే మిగిలాను. అది ఆయనకు చాలలేదు. అందుకని మాజీ సైనికుల సంఘం పెట్టారు.

సంఘం పెట్టింది మంచికే, కాదనను. ఫౌజు పోయాక సిపాయిలు దిక్కులేని వాళ్ళయ్యారు. ఒకడు రిక్షా తొక్కేవాడు, ఒకడు చాదర్‌ఘాట్‌లో మూటలు మోసేవాడు. వాళ్ళ తరఫున సర్కారుతో మాట్లాడే మనిషి కావాలి. మా వారు మాట్లాడగలరు. అక్కడే చిక్కొచ్చి పడింది.

అబిడ్స్‌లో ఒక ఇరానీ హోటల్ మీద గది కిరాయికి తీసుకున్నారు. కింద కూడా ఒక గది ఖాళీగా ఉంది గానీ, పై గదికి చౌరస్తా వైపు బాల్కనీ ఉంది. నాయకుడన్నాక బాల్కనీ ఉండాలన్నారు. ప్రతి ఆదివారం సిపాయిలు ఉతికిన ఖాకీ చొక్కాలు తొడుక్కుని వచ్చి వరసలో నిలబడేవారు. మా వారు తాము రాసిన ప్రకటన చదివి, "కోయీ సవాల్?" అని అడిగేవారు. "నై, సాబ్!" అని అందరూ ఒక్క గొంతుతో అరిచేవారు. ఆఫీసరు అడిగితే సిపాయికి ప్రశ్నంటూ ఉండదు, ఉండకూడదు. మరునాడు పేపర్లో "మాజీ సైనికుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది" అని వచ్చేది.

ఫౌజు అలవాటు ఇంకొకటి కూడా వాళ్ళకు పోలేదు. ఏదైనా హుకుం తీర్చాక అటెన్షన్‌లో నిలబడి గట్టిగా రిపోర్టు చెప్పాలి. కిటికీ తెరవమంటే తెరిచి, "ఖిడికీ తెరిచిన, సాబ్!" అని అరిచేవారు. కింద చాయ్ తాగేవాళ్ళు ఉలిక్కిపడి సాసర్లు ఒలకబోసుకునేవారు.

మా వారు దేని మీద మాట్లాడలేదు గనక! ముల్కీ గొడవల మీద మాట్లాడారు. నిజాం రూపాయి హాలీ సిక్కా పోవడం మీద, హిందీ మీద, సినిమాల్లో ఆడవాళ్ళ జాకెట్ల మీద మాట్లాడారు. విశాలాంధ్ర మాట వచ్చినప్పుడు సంఘం దాన్ని ఏకగ్రీవంగా బలపరిచింది. ఆ వారంలోనే విశాలాంధ్ర వాళ్ళ సభలో మా వారికి స్టేజీ మీద కుర్చీ వెయ్యలేదు. మరుసటి ఆదివారం సంఘం దాన్ని ఏకగ్రీవంగా వ్యతిరేకించింది. ఊళ్ళో పెళ్ళికి ఎవరికో హడావుడని ఒక సామెత ఉంది. భార్యను కాబట్టి పూర్తిగా చెప్పను.

ఈ గోలలో పోయింది బాలమల్లు కాలు. అంటే, కాలు మలయా లడాయిలోనే పోయింది. ఇక్కడ పోయింది దాని సంగతి.

బాలమల్లుది మెదక్ వైపు పల్లె. మోకాలి కింద కాలు తెగ్గొట్టించుకుని, కర్రల మీద తిరిగొచ్చాడు. భార్య శంకరమ్మ నాంపల్లి స్టేషన్ బయట జామపండ్లు అమ్మి ఇల్లు నడిపేది. సంఘం పెట్టిన రోజే మా వారు అతని భుజం మీద చెయ్యి వేసి, "నీకు కాలు పెట్టించే పూచీ నాది" అన్నారు. ఆ తరవాత ప్రతి సభలోనూ అతన్ని పక్కన నిలబెట్టుకున్నారు. సభ దేని మీదైనా సరే, మధ్యలో ఒకసారి బాలమల్లును ముందుకు పిలిస్తే జనం కళ్ళు తుడుచుకునేవారు. జాకెట్ల మీద సభలో కూడా తుడుచుకున్నారు. కాలు మాట మాత్రం ముందుకు జరగలేదు. నేను అడిగితే, "ఇది ప్రజాజీవితం, నీకు తెల్వదు" అనేవారు.

చివరికి శంకరమ్మే పూనుకుంది. గంప పక్కన ఎవరికో అప్పజెప్పి, లక్డీకాపూల్‌లో సర్కారు దఫ్తరు చుట్టూ తిరిగింది. అక్కడ శ్యామ్‌సుందర్ అనే అధికారి ఆమె పోరు పడలేకనో, మంచితనంతోనో, బాలమల్లును పూనాకు పంపించాడు. అక్కడ సిపాయిలకు కొయ్యకాళ్ళు చేసి తొడుగుతారు. నడక నేర్పి మరీ పంపారు. తిరిగొచ్చిన రోజు బాలమల్లు స్టేషన్ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. రెండు బూట్లతో మా వాకిట్లో అటూ ఇటూ నడిచి చూపించాడు. నాకు కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదు. మా వారి ముఖం మాడిపోయింది.

"సంఘానికి చెప్పకుంట ఎట్ల పోయినవ్?" అన్నారు.

శ్యామ్‌సుందర్ ఇంకో మేలు కూడా చేశాడు. దఫ్తరు గేటు దగ్గర దర్వాను కొలువు ఒకటి ఖాళీ అయింది. పొద్దంతా నిలబడే పని. రెండు కాళ్ళ మీద నిలబడగలిగితే ఒకటో తారీఖు నుంచి రమ్మన్నాడు. శంకరమ్మ ఆ మాట చెబుతూ నా చేతిలో రెండు జామపండ్లు పెట్టింది. ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు.

ఇంతలో మా వారి సభ వచ్చింది. రాష్ట్రం ఎటు పోవాలో తేల్చడానికి ఎగ్జిబిషన్ మైదానంలో పెద్ద సభ పెట్టారు. ఈసారి మా వారికి కుర్చీ వేశారు, మైకు కూడా ఇస్తామన్నారు. సర్కారును దులిపెయ్యాలని ఆయన తయారయ్యారు. ముందు ఆదివారం బాలమల్లును పిలిచి హుకుం ఇచ్చారు.

శంకరమ్మ ఏడుస్తూ మా వంటింట్లోకి వచ్చింది.

"ఏమైంది, శంకరమ్మా?"

"స్టేజీ మీద కాలుండొద్దన్నడట అమ్మా, సాబ్. ఎన్కటి లెక్క కర్రల మీద నిలబడాలెనట. సర్కారు గీ సిపాయికి కాలు గూడ ఇయ్యలేదని జెప్తడట."

"మరి మీ ఆయన ఏమన్నడు?"

"ఏమంటడు! సరే సాబ్ అన్నడు. శ్యామ్‌సుందర్ సాబ్ సభకొస్తడమ్మా. ఎవలెవలు ఏం మాట్లాడిన్రో సర్కారుకు జెప్పుటానికి పైకెల్లి తోలుతరట. కాలిచ్చిన సారే ముందట గూసుంటె, ఈన కాలు లేదని నిలబడితె గా కొలువు ఉంటదా? మన్ను గొడ్తరు మా నోట్లె."

"రానని చెప్పుమనరాదు?"

"మలయాల గుండ్లకు ఎదురు వొయిండు గని, కెప్టెన్ సాబ్‌కు ఎదురు జెప్పడమ్మా. మీరన్న జర జెప్పున్రి."

చెప్పాను. మా వారు అద్దం ముందు ఉపన్యాసం వల్లె వేస్తున్నారు.

"వాని నోటికాడి కూడు తీయకున్రి. జర ఆలోచించున్రి," అన్నాను.

"ఒక్కని కొలువు ముఖ్యమా, లక్షలమంది భవిష్యత్తు ముఖ్యమా?"

"లక్షలమంది మిమ్మల్ని అడగలే. గీ ఒక్కడు అడిగిండు."

"ప్రభా, రెండు కాళ్ళ మీద నిలబడ్డ సిపాయిని చూసి ఎవడన్న ఏడుస్తడా? నువ్వే చెప్పు!"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే మనిషితో ఏం వాదించను? ఆ పూట అన్నం వడ్డించి, అడగందే చారు పొయ్యలేదు. నా చేతనైన సత్యాగ్రహం అదే.

సభ రోజు సాయంత్రం మైదానం నిండిపోయింది. నేనూ శంకరమ్మా ఆడవాళ్ళ వైపు కూర్చున్నాం. ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ముందు వరసలో శ్యామ్‌సుందర్ కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. బాలమల్లు మధ్యాహ్నమే ఇంట్లోంచి వెళ్ళాడట, కర్రలు తీసుకెళ్ళాడో లేదో ఆమె చూడలేదు.

మా వారు మైకు ముందుకు వచ్చారు. గొంతు బాగుంటుంది, అబద్ధమెందుకు. రాష్ట్రం గురించి, చరిత్ర గురించి, త్యాగం గురించి మాట్లాడారు. తరవాత చెయ్యి పైకెత్తారు.

"గీ సర్కారు ఎసొంటిదో నేను చెప్ప! మలయాల కాలు పోగొట్టుకున్న మా సిపాయిని చూడున్రి! ఇన్నేండ్లాయె, ఒక కొయ్యకాలు ఇచ్చే దిక్కు లేదు! బాలమల్లూ, ఆగే ఆవో!"

తెర వెనక నుంచి కర్రల చప్పుడు రాలేదు. బూట్ల చప్పుడు వచ్చింది. బాలమల్లు నిగనిగలాడే రెండు బూట్లతో, ఇస్త్రీ ఖాకీ బట్టలతో కవాతు చేస్తున్నట్టు నడిచి వచ్చి, స్టేజీ మధ్య ఆగి సలాం కొట్టాడు. జనానికి ఏమీ అర్థం కాలేదు. మా వారు పక్కకు వంగి, "కాలు! అరే, కాలు!" అని గుసగుసలాడారు. మైకు ఆ గుసగుసను మైదానమంతా వినిపించింది.

బాలమల్లు తల ఊపి, మా వారి కోసం వేసిన కుర్చీలోనే కూర్చున్నాడు. ప్యాంటు పైకి మడిచి, తోలు పట్టీలు ఒక్కొక్కటీ విప్పి, బూటుతో సహా కాలును తీసి స్టేజీ మీద నిలబెట్టాడు. తరవాత కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద లేచి, చెయ్యి వదిలి, ఛాతీ విరిచి అరిచాడు. అతనికి మైకు అక్కర్లేదు.

"స్టేజీ మీద కాలుండొద్దని హుకుం, సాబ్! కాలు తీసిన, సాబ్!"

తరవాత వెనక వరసల్లో కాలేజీ పిల్లలు ఎవరో "ఏకగ్రీవం!" అని కేక పెట్టారు. ఇక మైదానమంతా నవ్వే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది మా వారి పని. నాకూ నవ్వొచ్చింది. ఆయన ముఖం చూసి సిగ్గుతో చచ్చిపోయాను, అయినా నవ్వు ఆగలేదు.

శ్యామ్‌సుందర్ లేచి నిలబడ్డాడు. శంకరమ్మ గోళ్ళు నా చేతిలో దిగాయి.

"బాలమల్లూ, పూనాకు తోలింది కాలు తీస్తందుకు కాదు," అన్నాడు. అతనూ నవ్వాపుకోలేక పోతున్నాడు. "కట్టుకో. ఒకటో తారీఖు గేటు కాడ నిలబడాలె."

శంకరమ్మ పైట కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

కట్టుకోవాలంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. కుర్చీని ఈ గందరగోళంలో ఎవరో వెనక్కి లాగేశారు. బాలమల్లు తూలాడు. పక్కనున్నది మా వారొక్కరే. ఆయన రెండు చేతులతో అతన్ని చంకల కింద పట్టుకున్నారు. బాలమల్లు ఆయన మీద పూర్తిగా వాలి, కాలు తొడుక్కుని, పట్టీలు బిగించుకోవడం మొదలుపెట్టాడు. తొందరేమీ పడలేదు. అన్నేళ్ళలో మా వారు ఒక మాజీ సైనికుడికి నిజంగా చేసిన సాయం అదొక్కటే. అదీ తప్పించుకునే దారి లేక.

బయటికి వస్తూ శంకరమ్మను అడిగాను.

"మీ ఆయన తెలిసే చేసిండా, శంకరమ్మా?"

"నాకేమెరుక అమ్మా! హుకుం అయితె తప్పలే గద," అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఇంటికొచ్చాక మా వారు కోటు కూడా విప్పకుండా మంచం మీద కూర్చున్నారు. తిట్టడానికి దారి పొడుగునా నేను మాటలు పోగుచేసుకునే వచ్చాను. ఆయన తన చేతులవైపు చూసుకుంటున్నారు.

"మనిషి మస్తు బరువున్నడు, ప్రభా," అన్నారు. "మొత్తం నా మీదనే పడ్డడు. గంత బరువుంటడని నేననుకోలే."

జాలి వేసింది. కోపం మాత్రం పోలేదు.

"మన ఆఫీసు మెట్లు నిటారుగుంటయి గద," అన్నాను. "ఆ ఇరుకు మెట్ల మీద కర్రలు నిలువయి. ఇన్నేండ్లు ప్రతి ఐతారం బాలమల్లు పైకి ఎట్ల వచ్చిండనుకున్నరు?"

ఆయన తలెత్తారు.

"ఎట్ల వచ్చిండు?"

"శంకరమ్మ వీపు మీద."