కుళాయి వదిలిందెవరు

వంటిల్లంతా నీళ్ళు. ఆమె నేల మీద గొంతుకూర్చుని గుడ్డతో అద్ది బకెట్లో పిండుతోంది. కోర్టుకు వేసుకుపోవాల్సిన నల్లకోటు తలుపుకు వేలాడుతోంది. కాళ్ళు తడవకుండా భర్త గడప అవతలే నిలబడ్డాడు.

“వంటింటి కుళాయి వదిలేశావు కదూ?”

“లేదండీ.”

“మరి నీళ్ళు వాటంతటవే నడిచొచ్చాయా? ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయింది?”

ఇవాళ అప్పీలు విచారణ. కాదంటే ఇంకో అరగంట రగడ. “సరే, నేనే వదిలేశాను,” అంది.

అంతలో అత్తగారు లోపల్నుంచి కేకేసింది. “వంటింట్లోది కాదురా, స్నానాలగది కుళాయి! ఇంకా పారుతూనే ఉంది!”

“అదీ నువ్వేనా?”

“అదీ నేనే.”

పొద్దుట్నుంచి ఆమె స్నానాలగదిలో అడుగే పెట్టలేదు. అందులోంచి గడ్డం నున్నగా గీసుకుని వచ్చింది అతను. అతనికి గుర్తులేదు, ఆమెకు తీరికలేదు. ఆ ఇంట్లో తగువులన్నీ అలాగే తెగేవి. పాలు పొంగినా, తాళంచెవి పోయినా, ఎవరు చేశారన్నది ఎవరికీ పట్టదు. ఆమె ‘నేనే’ అనేదాకా వదలరు, అన్నాక నిమ్మళంగా కాఫీ తాగుతారు. పెళ్ళైన కొత్తలో వాదించేది. “నీ లాయరు తెలివి కోర్టులో చూపించుకో,” అన్నాడు భర్త. కోర్టులోనేమో సీనియరు నోరు తెరవనివ్వడు. అక్కడ ఆమె పని కాగితాలు టైపు చేయడం, ఫైళ్ళు మోయడం, ఆయన మాత్రలు వేళకు అందించడం. అక్కడ ఏది తప్పినా అదీ ఆమె నెత్తినే.

కేసు చూస్తే పెద్దదే. మార్కెట్ వెనక రెండు ముఠాలు కొట్టుకుంటే ఒకడు కత్తిపోటుకు చచ్చాడు. ముగ్గురికి యావజ్జీవం పడింది. చూసినవాళ్ళు లేరు, వాళ్ళ బట్టల మీద నెత్తుటి మరక లేదు. ఉన్నదల్లా వాళ్ళు స్టేషన్లో ఒప్పుకుని, మర్నాడు మేజిస్ట్రేటు ముందు మళ్ళీ ఒప్పుకున్న మాటలు. ఆ మాటలు ఎలా పుట్టాయో అప్పీలులో ఆమె ఒక పేరా రాసింది. “ఇది కోర్టమ్మా, టీవీ సీరియలు కాదు,” అని సీనియరు కొట్టేశాడు.

కోర్టులో పెద్ద జడ్జి కళ్ళజోడు తీసి అడిగాడు. “చెయ్యనివాడు హత్య చేశానని ఎందుకంటాడు? పైగా రెండుసార్లు.”

సీనియరు కాగితాలు తిరగేశాడు, దగ్గాడు, మళ్ళీ తిరగేశాడు. వెనక బెంచీలో ముద్దాయిల్లో ఒకడి తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. వంటిల్లు తుడిచొచ్చిన ఆమె చేతులకు ఇంకా పొద్దుటి నీళ్ళ వాసన. ఎందుకంటాడో తనకు తెలిసినంత బాగా ఆ గదిలో ఇంకెవరికి తెలుసు? లేచి నిలబడింది.

“కూర్చో,” అన్నాడు సీనియరు పళ్ళు బిగించి. కూర్చోలేదు.

“అడగడం ఆపాలని అంటాడు సార్. మొదట స్టేషన్లో కత్తి కాలవలో పారేశామన్నారు, ముగ్గురూ. తర్వాత పోలీసులకు కత్తి ఒక మేడ మీద దొరికింది. మర్నాడు మేజిస్ట్రేటు ముందు మేడ మీద దాచామన్నారు, అదీ ముగ్గురూ. చేసినవాళ్ళైతే కత్తి ఎక్కడుందో వాళ్ళు పోలీసులకు చెప్పాలి. ఇక్కడ పోలీసులే వాళ్ళకు చెప్పారు.”

జడ్జి కళ్ళజోడు పెట్టుకుని రెండు వాంగ్మూలాలూ పక్కపక్కన పరుచుకున్నాడు. చాలాసేపు చదివాడు. “ఇది అప్పీలులో ఎందుకు లేదమ్మా?”

ఆమె సీనియరు వంక చూసింది. నేనే మర్చిపోయాను సార్, అన్న మాట అలవాటుకొద్దీ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“నేను రాశాను సార్. మా సీనియరుగారు తీసేశారు.”

తీర్పు వాయిదా పడింది. అది వచ్చేదాకా ముగ్గుర్నీ బెయిలు మీద వదలమన్నాడు జడ్జి. మెట్ల మీద ఆ తల్లి ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. “వాడికి చిన్నప్పట్నుంచీ అంతే తల్లీ. నాలుగు కేకలేస్తే చాలు, చెయ్యని తప్పు కూడా చేశాననేవాడు.”

“నేనూ అంతేనమ్మా,” అని నవ్వింది ఆమె.

ఇంటికొచ్చేసరికి వంటింటి మూలల్లో ఇంకా తడి. భర్త సోఫాలోంచే అన్నాడు. “పొద్దున కుళాయి వదిలి వెళ్ళావు, వచ్చాకైనా తుడవాలని లేదా?”

ఆమె కోటు విప్పి తగిలించింది. నేలగుడ్డ తెచ్చి అతని పక్కన పెట్టింది.

“గడ్డం గీసుకుంది మీరు. కుళాయి వదిలింది మీరు.”

“అదేంటి? పొద్దున నేనేనని నీ నోటితో నువ్వే అన్నావుగా!”

“అన్నానండీ. ఆ ఒప్పుకోలు వెనక్కి తీసుకుంటున్నాను.”